పెళ్ళి వీడియోకు సరైన ఫార్మాట్లు: కెమెరా కార్డు నుంచి పెన్‌డ్రైవ్ దాకా

ఒక పెళ్ళి ఫుటేజ్ ఎడిటింగ్ టేబుల్ మీదకు చేరేసరికి అందులో కనీసం మూడు రకాల ఫైళ్ళుంటాయి. మిర్రర్‌లెస్ కెమెరా తీసిన 4కే 10 బిట్ క్లిప్పులు, డ్రోన్ హెచ్.265 క్లిప్పులు, పెళ్ళికూతురి తమ్ముడు ఐఫోన్‌లో తీసి ఇచ్చిన హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను మామూలుకన్నా ఎక్కువగా పట్టే వీడియో) క్లిప్పులు. అన్నిటి పేరు చివరా ఎంపీ4 అనో ఎంఓవీ అనో ఉంటుంది. టైమ్‌లైన్ మీద పెట్టాక ఒకటి సాఫీగా నడుస్తుంది, ఒకటి అడుగడుగునా ఆగుతుంది, ఇంకొకటి తెల్లగా వెలిసిపోయినట్టు కనిపించి పావుగంట గడిచేసరికి మంత్రానికీ పురోహితుడి పెదవులకూ పొంతన తప్పుతుంది.

చాలామంది దీనికి కంప్యూటర్‌ను తప్పుపట్టి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటారు. అసలు చిక్కు చాలాసార్లు ఫార్మాట్ ఎంపికలోనే ఉంటుంది. షూటింగ్‌కు పనికొచ్చే ఫార్మాట్ ఎడిటింగ్‌కు పనికిరాకపోవచ్చు. ఎడిటింగ్‌కు బాగున్నది ఇంట్లో టీవీలో ఆడకపోవచ్చు. అందుకే షూటింగ్, ఎడిటింగ్, మాస్టర్ (ఎడిటింగ్ ముగిశాక తీసే పూర్తి నాణ్యత ఫైల్), డెలివరీ (క్లయింట్‌కు ఇచ్చే ఫైల్) అనే నాలుగు దశలకూ ఫార్మాట్‌ను విడివిడిగా నిర్ణయించుకోవాలి.

ఫైల్ పేరు కాదు, లోపలున్నది చూడండి

ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ, ఎంఎక్స్ఎఫ్, ఏవీఐ ఇవన్నీ కంటైనర్లు. వంటింట్లో డబ్బా మీద ఏం రాసున్నా లోపల పప్పుందో పంచదారుందో మూత తీస్తేనే తెలుస్తుంది. ఇదీ అంతే. వీడియోను నిజంగా కుదించి దాచేది కోడెక్. హెచ్.264, హెచ్.265, ఏవీ1, ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ కోడెక్‌లు. ఒకే ఎంఓవీలో హెచ్.264 ఉండొచ్చు, ప్రోరెస్ ఉండొచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆ రెండింటికీ ఉన్న తేడా చాలా పెద్దది.

లోపల ఏముందో చూడటానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ప్రతి కెమెరా నుంచీ ఒక క్లిప్ తీసుకుని అందులోకి లాగి, వ్యూ మెనూలో ట్రీ ఎంచుకుని కింది వివరాలు రాసిపెట్టుకోండి.

1. ఫార్మాట్: ఏవీసీ అని ఉంటే హెచ్.264, హెచ్ఈవీసీ అని ఉంటే హెచ్.265.
2. క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు వివరం ఎంత దాచారో): 4:2:0 లేదా అంతకన్నా ఎక్కువ వివరమున్న 4:2:2. బిట్ డెప్త్ (రంగుల మెట్లు ఎంత సన్నగా ఉన్నాయో): 8 లేదా 10.
3. ఫ్రేమ్ రేట్ మోడ్: కాన్‌స్టంట్ (సెకనుకు ఫ్రేములు ఎప్పుడూ ఒకే లెక్క) లేదా వేరియబుల్ (లెక్క మారుతూ ఉంటుంది). అందరూ చూడకుండా వదిలేసేది, ఎక్కువ నష్టం చేసేది ఈ వరుసే.
4. ఫ్రేమ్ రేట్: 25, 29.97, 30, 50, 59.94.
5. స్కాన్ టైప్: ప్రోగ్రెసివ్ (ఫ్రేమ్ మొత్తం ఒకేసారి) లేదా ఇంటర్‌లేస్డ్ (గీత విడిచి గీత, రెండు విడతలుగా).
6. కలర్ ప్రైమరీస్, ట్రాన్స్‌ఫర్ క్యారెక్టరిస్టిక్స్: బీటీ.709 అయితే మామూలు వీడియో. బీటీ.2020, హెచ్ఎల్‌జీ అని ఉంటే హెచ్‌డీఆర్.
7. ఆడియో: కోడెక్, శాంప్లింగ్ రేటు, ఛానళ్ళ సంఖ్య.

ఐదు నిమిషాల పని ఇది. దీన్ని చూడకుండా ప్రాజెక్ట్ మొదలుపెట్టకండి.

టైమ్‌లైన్ ఎందుకు ఆగుతుంది

హెచ్.264, హెచ్.265 ఫైళ్ళు చిన్నగా ఉండటానికి కారణం అవి ప్రతి ఫ్రేమ్‌నూ పూర్తిగా దాచకపోవడం. ఒక ఫ్రేమ్‌ను పూర్తిగా దాచి, ఆ తర్వాత వచ్చేవాటిలో మారినంత మేరకే రాసుకుంటాయి. దీన్ని లాంగ్ జీఓపీ అంటారు. మొదటినుంచి చివరిదాకా వరుసగా చూసేటప్పుడు ఇబ్బంది ఉండదు. ఎడిటింగ్‌లో మనం వరుసగా చూడం కదా. ప్లేహెడ్‌ను మధ్యలో ఎక్కడో పెడతాం, వెనక్కి లాగుతాం. అలా పెట్టిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ వెనకున్న పూర్తి ఫ్రేమ్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి లెక్క కట్టుకుంటూ మనం అడిగిన ఫ్రేమ్‌ను చేరాలి. మూడు కెమెరాల క్లిప్పులను ఒకేసారి నడిపే మల్టీక్యామ్‌లో ఈ పని మూడింతలు.

ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ వంటివి ప్రతి ఫ్రేమ్‌నూ పూర్తిగా దాస్తాయి. ఫైల్ పెద్దదవుతుంది, ప్రాసెసర్‌కు పని తగ్గుతుంది. సోనీ కెమెరాల్లో ఎక్స్‌ఏవీసీ ఎస్-ఐ అనేది కూడా ఈ కోవదే. కోడెక్ హెచ్.264 అయినా ప్రతి ఫ్రేమ్ విడిగా ఉంటుంది. 4కే 25 ఫ్రేముల దగ్గర ఇది 250 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), అంటే గంటకు దాదాపు 112 జీబీ. పెళ్ళంతా ఇందులో తీస్తే కార్డులు చాలవు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ వంటి ఘట్టాలకు వాడి మిగతాది లాంగ్ జీఓపీ అయిన ఎక్స్‌ఏవీసీ ఎస్‌లో తీయడం మంచి రాజీ.

4:2:2 10 బిట్ ఫైళ్ళ దగ్గర ఇంకో మెలిక ఉంది. హెచ్.265 4:2:2 10 బిట్‌ను ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు, ఆ తర్వాతవి తమ గ్రాఫిక్స్ భాగంలోని క్విక్ సింక్ అనే వీడియో విభాగం ద్వారా హార్డ్‌వేర్‌లోనే విప్పగలవు. ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే మాత్రం అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. ఎడిటింగ్ కోసం పీసీ కట్టించుకునేవాళ్ళు కాస్త ధర తక్కువని ఎఫ్ మోడల్ తీసుకుంటే తర్వాత ఇక్కడే ఇరుక్కుంటారు. ఎన్‌విడియా కార్డుల్లో 4:2:2 డీకోడింగ్ 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే మొదలైంది. అంతకుముందు కార్డు ఎంత ఖరీదైనదైనా ఆ ఫైళ్ళ విషయంలో సాయం చేయదు. యాపిల్ ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌లు హెచ్.265 4:2:2 10 బిట్‌ను హాయిగా నడుపుతాయి.

విండోస్‌లో డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వాడుతుంటే, ఇలాంటి 4:2:2 10 బిట్ క్లిప్‌కు శబ్దం వచ్చి బొమ్మ రాకపోవచ్చు, లేదా మీడియా ఆఫ్‌లైన్ అని రావొచ్చు. ఫైల్ పాడవలేదు. స్టూడియో వెర్షన్ కొనాలి, లేదా ముందే ప్రోరెస్‌కో డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్‌కో మార్చుకోవాలి.

కార్డు కాపీ చేసేటప్పుడు

క్లిప్పులను మాత్రమే ఏరుకుని కాపీ చేయకండి. కార్డులోని మొత్తం ఫోల్డర్లను ఉన్నవున్నట్టు, కెమెరాకొక పేరు పెట్టి దింపండి. సోనీలో ప్రైవేట్, దాని లోపల ఎం4రూట్ ఫోల్డర్ ఉంటుంది. వీడియోలతోపాటు వాటి వివరాలున్న ఎక్స్ఎంఎల్ ఫైళ్ళు అక్కడే ఉంటాయి. పాత ఏవీసీహెచ్‌డీ కెమెరాల్లో పొడవైన షాట్‌ను కెమెరా ముక్కలుగా దాస్తుంది. ఎంటీఎస్ ఫైళ్ళను విడిగా లాగేస్తే ముక్క ముక్క కలిసేచోట కొన్ని ఫ్రేములో, కొంత శబ్దమో పోయే ప్రమాదముంది. ఫోల్డర్ నిర్మాణం చెడకుండా ఉంటే ప్రీమియర్‌లోని మీడియా బ్రౌజర్ వాటిని ఒకే క్లిప్‌గా చూపిస్తుంది. ఆ పాత కెమెరాల్లో 50ఐ ఇంటర్‌లేస్డ్ ఎక్కువ. డీఇంటర్‌లేస్ చేయకుండా రెండర్ చేస్తే చేతులు కదిలినచోట దువ్వెన పళ్ళలా గీతలొస్తాయి.

ఫ్రేమ్ రేటు: ముందే తేల్చుకోండి

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. కల్యాణమండపాల లైట్లలో చాలావాటి వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంటుంది. 30 ఫ్రేముల దగ్గర 1/60 షట్టర్ పెడితే బొమ్మలో కదిలే పట్టీలు, మిణుకు కనిపించడానికి ఇదే కారణం. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే చాలావరకు పోతుంది. అన్ని కెమెరాలూ 25, స్లో మోషన్‌కు 50 పెట్టుకోవడం తెలుగు రాష్ట్రాల్లో పనిచేసేవాళ్ళకు సరైన మార్గం. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్ళి షో పాల్ ఫార్మాట్స్ ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. అమెరికాలో పెళ్ళి తీసేవాళ్ళకు అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 29.97, 59.94 సరిపోతాయి.

రిజాల్వ్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటును ప్రాజెక్ట్ సెట్టింగ్స్, మాస్టర్ సెట్టింగ్స్‌లో ఫుటేజ్ దింపకముందే పెట్టాలి. తర్వాత ప్రాజెక్ట్ స్థాయిలో మార్చనివ్వదు. 25 టైమ్‌లైన్‌లో 50 ఫ్రేముల క్లిప్‌ను సరిగ్గా 50 శాతం వేగంతో పెడితే ప్రతి ఫ్రేమూ వాడుకలోకి వస్తుంది, నడక నునుపుగా ఉంటుంది. అదే డ్రోన్ 59.94లో తీసుంటే 50 శాతం పెట్టకండి, 41.7 శాతం పెట్టండి. 30 ఫ్రేముల క్లిప్‌ను 25లో మామూలు వేగంతో పెడితే సెకనుకు ఐదు ఫ్రేములు వదిలేయక తప్పదు. మనుషులు నిలబడి మాట్లాడే షాట్‌లో అది పెద్దగా తెలియదు. డ్రోన్ మండపం చుట్టూ తిరిగే షాట్‌లో చిన్న చిన్న కుదుపులుగా బాగా తెలుస్తుంది. అలాంటి షాట్‌ను 83.3 శాతం వేగానికి తగ్గిస్తే కుదుపు పోతుంది. డ్రోన్ షాట్‌కు ఆ కాస్త నెమ్మది అందమే.

ఇక వేరియబుల్ ఫ్రేమ్ రేటు. ఫోన్లు, స్క్రీన్ రికార్డింగులు వెలుతురును బట్టి, ప్రాసెసర్ మీద భారాన్ని బట్టి సెకనుకు ఒకసారి 30, ఒకసారి 28 ఫ్రేములు తీస్తాయి. ప్లేయర్‌లో సరిగానే ఆడుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం సమానంగా వచ్చాయనుకుని పేర్చితే ధ్వని ముందో వెనకో అయిపోతుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు దీన్ని చాలావరకు సర్దుకుంటాయి గానీ, పొడవైన క్లిప్పుల్లో నమ్మకం పెట్టుకోలేం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇలా మార్చుకోండి.

1. ఫైల్ తెరిచి, సమరీ ట్యాబ్‌లో ఎంపీ4 ఎంచుకోండి.
2. వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ హెచ్.264 (ఎక్స్264). మూలం 10 బిట్ హెచ్‌డీఆర్ అయితే హెచ్.265 10 బిట్.
3. ఫ్రేమ్ రేట్ దగ్గర ‘సేమ్ యాజ్ సోర్స్’ వదిలేయకండి. వేరియబుల్ ఫైల్‌కు సగటు 29.87 వంటి వంకర సంఖ్య కావొచ్చు. 30 అని స్పష్టంగా ఎంచి, కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ టిక్ చేయండి. 25కు మార్చే పని ఇక్కడ వద్దు, దాన్ని టైమ్‌లైన్‌కు వదలండి.
4. కాన్‌స్టంట్ క్వాలిటీ ఆర్ఎఫ్ 16 లేదా 17. సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యత, ఫైల్ సైజు రెండూ పెరుగుతాయి.
5. డైమెన్షన్స్ ట్యాబ్‌లో క్రాపింగ్ ‘నన్’ పెట్టండి. ఆటోమేటిక్‌గా ఉంటే చీకటి షాట్లలో అంచులు కోసేయవచ్చు.
6. ఆడియో ఏఏసీ, శాంప్లింగ్ 48 కిలోహెర్ట్జ్.

ఓబీఎస్ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో లైవ్ రికార్డ్ చేసేవాళ్ళు ఎంకేవీలో రికార్డ్ చేయడం క్షేమం. మామూలు ఎంపీ4లో ఫైల్ సూచిక రికార్డింగ్ ముగిశాకే రాయబడుతుంది. మధ్యలో కరెంటు పోతే మొత్తం ఫైల్ తెరుచుకోదు. ఎంకేవీలో అప్పటిదాకా వచ్చింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు. కోడెక్ మారదు కాబట్టి నాణ్యత రవ్వంత కూడా తగ్గదు.

మార్చాలా, ప్రాక్సీ చేయాలా

ఫుటేజ్ మొత్తాన్ని ప్రోరెస్ వంటి కోడెక్‌లోకి మార్చుకోవచ్చు, లేదా ఎడిటింగ్ వరకే వాడే చిన్న నకళ్ళు, అంటే ప్రాక్సీలు, చేసుకోవచ్చు. డిస్క్ లెక్క చూడకుండా ఈ నిర్ణయం తీసుకోకూడదు. సూత్రం తేలిక: ఎంబీపీఎస్‌ను సెకన్లతో గుణించి 8తో భాగిస్తే ఎంబీలు. 25 ఫ్రేముల దగ్గర ప్రోరెస్ 422 యూహెచ్‌డీలో (అంటే 4కేలో) సుమారు 492 ఎంబీపీఎస్. గంటకు 221 జీబీ. పది గంటల ఫుటేజ్‌కు 2 టీబీ దాటుతుంది. పైగా సెకనుకు 62 ఎంబీ చొప్పున చదవాలి. మూడు కెమెరాల మల్టీక్యామ్‌కు 185 ఎంబీ. జేబులో పట్టే యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ అంత వేగం ఇవ్వదు. కోడెక్ మార్చాక కూడా టైమ్‌లైన్ ఆగుతోందంటే చాలాసార్లు దోషం డిస్క్‌ది. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ దాకా ఇస్తుంది.

అదే ప్రోరెస్ ప్రాక్సీని 1080లో చేస్తే 38 ఎంబీపీఎస్, గంటకు 17 జీబీ. పది గంటలకు 170 జీబీ. పెళ్ళి వంటి పొడవైన పనికి మా సలహా ప్రాక్సీయే. మొత్తం ఫుటేజ్‌ను మార్చడం ఐదు నిమిషాల టీజర్‌కో, చిన్న యాడ్‌కో సరిపోతుంది. మరో మాట. 8 బిట్ హెచ్.264ను ప్రోరెస్‌లోకి మార్చితే నాణ్యత పెరగదు. లేని రంగులు రావు. ఎడిటింగ్ తేలికవుతుంది, అంతే.

ప్రీమియర్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని రైట్ క్లిక్, ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్. రిజాల్వ్‌లో మీడియా పూల్‌లో రైట్ క్లిక్, జనరేట్ ప్రాక్సీ మీడియా. విడిగా చేయాలనుకుంటే షట్టర్ ఎన్‌కోడర్ ఉచితం, ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ రెండూ చేస్తుంది. విడిగా చేసినప్పుడు ఫైల్ పేరు, ఫ్రేమ్ రేటు, నిడివి, టైమ్‌కోడ్ అసలుదానితో సరిపోలాలి. ఆడియో ఛానళ్ళ సంఖ్య కూడా. కెమెరా క్లిప్‌లో నాలుగు ఛానళ్ళుండి ప్రాక్సీలో రెండే ఉంటే ప్రీమియర్ జతచేయనంటుంది.

డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ నాణ్యత స్థాయిల్లో ఎల్‌బీ, ఎస్‌క్యూ, హెచ్‌క్యూ మూడూ 8 బిట్. ఎస్-లాగ్3లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా సోనీ కెమెరాలు వెలిసినట్టు తీసే పద్ధతి) 10 బిట్‌గా తీసిన ఫుటేజ్‌ను హెచ్‌క్యూలోకి మార్చితే, గ్రేడింగ్‌లో, అంటే రంగులు దిద్దేటప్పుడు, ఆకాశం మీద, తెల్ల గోడల మీద మెట్లుమెట్లుగా చారలొస్తాయి. 10 బిట్‌కు హెచ్‌క్యూఎక్స్ ఎంచండి. ప్రాక్సీకి మాత్రం ఎల్‌బీ చాలు, చివరి రెండర్ అసలు ఫైళ్ళ నుంచే జరుగుతుంది కాబట్టి. రిజాల్వ్‌లో ప్రాక్సీలనే రెండర్‌కు వాడే ఐచ్ఛికం ఒకటుంది. డెలివర్ పేజీలో అది టిక్ అయిలేదని చూసుకోండి.

ఐఫోన్ క్లిప్ వెలిసిపోతే, పాట తేడాగా వినిపిస్తే

ఐఫోన్ 12 నుంచి హెచ్‌డీఆర్ వీడియో వస్తోంది. దాన్ని బీటీ.709 టైమ్‌లైన్‌లో నేరుగా పెడితే వెలుగంతా మండిపోయినట్టు ఉంటుంది. ఎక్స్‌పోజర్ తగ్గించి సరిచేయడానికి కూర్చోకండి. ప్రీమియర్‌లో ఆటో టోన్ మ్యాప్ ఆన్ చేయండి. రిజాల్వ్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి ఆ క్లిప్ ఇన్‌పుట్ కలర్ స్పేస్‌ను రెక్.2100 హెచ్ఎల్‌జీగా చూపించండి. బంధువుల చేత తీయిస్తున్నారంటే ముందే రికార్డ్ వీడియోలో హెచ్‌డీఆర్ వీడియో ఆపేయించడం, ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెట్టించడం మేలు. తీసింది వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. 2 జీబీ దాకా ఫైల్ కుదించకుండా వెళ్తుంది.

ఆడియో 48 కిలోహెర్ట్జ్ వావ్‌లో ఉండాలి. నాదస్వరం రికార్డింగైనా, పాటైనా ఎంపీ3గా ఉంటే ముందే వావ్‌గా మార్చి పెట్టుకోండి. మారుతూ ఉండే బిట్‌రేట్ ఎంపీ3లు కొన్నిసార్లు టైమ్‌లైన్‌లో జారతాయి. కదిలే టైటిళ్ళకు, ఆహ్వాన గ్రాఫిక్స్‌కు వెనక పారదర్శకత కావాలంటే ప్రోరెస్ 4444 లేదా పీఎన్‌జీ సీక్వెన్స్. హెచ్.264లో పారదర్శకత నిలవదు, వెనక నల్లగా వస్తుంది.

మాస్టర్, ఆ తర్వాత డెలివరీ

ముందుగా తలంబ్రాల ఘట్టం నుంచి 30 సెకన్లు మాత్రమే రెండర్ చేయండి. పసుపు బియ్యం, పూలరేకులు గాల్లో ఒకేసారి పడుతుంటే ఫ్రేమ్‌లో ప్రతి చోటా మార్పే. వెనక ఎల్‌ఈడీ అలంకరణ మిణుకుతుంటుంది. మారినదాన్నే రాసుకునే కోడెక్‌కు ఇంతకు మించిన పరీక్ష లేదు. బిట్‌రేట్ చాలకపోతే బియ్యపు గింజలు గింజల్లా కాక చతురస్రపు మరకల్లా కనిపిస్తాయి. పెళ్ళికూతురి ముఖం మీదకూడా ఆ మరకలు పాకుతాయి. ఇక్కడ బాగుంటే మిగతా వీడియో అంతా బాగుంటుంది.

టీజర్, హైలైట్స్‌కు మాస్టర్‌గా ప్రోరెస్ 422 హెచ్‌క్యూ లేదా డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూఎక్స్ చేయండి. యూహెచ్‌డీ 25లో ప్రోరెస్ హెచ్‌క్యూ 737 ఎంబీపీఎస్, ఐదు నిమిషాలకు 28 జీబీ లోపే. రెండున్నర గంటల పూర్తి వీడియోకు అదే పెడితే 830 జీబీ. అంత అక్కర్లేదు. 1080లో ప్రోరెస్ ఎల్‌టీ చేస్తే గంటకు 38 జీబీ. ఈ మాస్టర్ నుంచే మిగతావన్నీ తీయాలి. క్లయింట్ యూట్యూబ్‌కొకటి, టీవీకొకటి అడిగినప్పుడు యూట్యూబ్ కోసం చేసిన ఎంపీ4ను మళ్ళీ కుదించి ఇస్తే రెండుసార్లు కుదింపు కనబడిపోతుంది.

యూట్యూబ్‌కు ఎంపీ4, హెచ్.264, 4:2:0, ప్రోగ్రెసివ్. 25 లేదా 30 ఫ్రేముల దగ్గర 1080కి 8 ఎంబీపీఎస్, 4కేకు 35 నుంచి 45 అని యూట్యూబే చెబుతుంది. 50, 60 ఫ్రేములకు 12, 53 నుంచి 68. ఇవి కనీసాలనుకుని ఒకటిన్నర రెట్లు ఇవ్వడం మంచిది, యూట్యూబ్ ఎలాగూ మళ్ళీ కుదిస్తుంది. ఆడియో ఏఏసీ స్టీరియో 384 కేబీపీఎస్. తీసినప్పటి ఫ్రేమ్ రేటే ఉంచండి. 25ను 30 చేసి ఎక్కించాల్సిన పని లేదు.

పెన్‌డ్రైవ్ దగ్గరే ఎక్కువ ఫిర్యాదులొస్తాయి. ఇంట్లో టీవీ ఏ సంవత్సరానిదో తెలియనప్పుడు ఇలా చేయండి: ఎంపీ4, హెచ్.264, హై ప్రొఫైల్, లెవెల్ 4.1, 1920×1080, 25 ఫ్రేములు, 8 బిట్, ఏఏసీ స్టీరియో. ప్రొఫైల్, లెవెల్ అనేవి టీవీ విప్పగలిగే వీడియోకు హద్దులు. 50 ఫ్రేములు పెడితే లెవెల్ 4.2 కావాలి, 4కేకు 5.1. పాత టీవీలు అక్కడే మొరాయిస్తాయి. ప్రొఫైల్ పొరపాటున హై 10 (10 బిట్) అయితే శబ్దం వచ్చి తెర నల్లగా ఉంటుంది. హెచ్.265 పాత టీవీల్లో అసలు ఆడదు.

తర్వాతది ఫైల్ సైజు. పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌ను గుర్తించవు, ఫ్యాట్32 కావాలి. ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. 8 ఎంబీపీఎస్ వీడియోకు ఆడియో కలిపితే సెకనుకు ఒక ఎంబీ పైచిలుకు, అంటే 4 జీబీలో గంటకు కాస్త ఎక్కువే పడుతుంది. కాబట్టి రెండున్నర గంటల వీడియోను స్నాతకం, పెళ్ళి, రిసెప్షన్ అని గంటలోపు భాగాలుగా విడగొట్టండి. ముక్క ఎక్కడ తెగాలో మీరే నిర్ణయించినట్టవుతుంది, వెతుక్కోవడమూ తేలిక. ఫైళ్ళ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 01, 02 అంకెలతో ఉంచండి. కొన్ని టీవీలు తెలుగు పేర్లను డబ్బాలుగా చూపిస్తాయి.

రెండర్ అయిన ఫైల్‌ను మళ్ళీ మీడియాఇన్ఫోలో పెట్టి ప్రొఫైల్, ఫ్రేమ్ రేట్ మోడ్ చూడండి. మొదట, మధ్యలో, చివర లిప్ సింక్ వినండి. కాపీ అయ్యాక సేఫ్‌లీ రిమూవ్ చేసే పెన్‌డ్రైవ్ తీసి, వీలైతే క్లయింట్ ఇంటి టీవీలోనే, లేదంటే దొరికిన పాత టీవీలో ప్రతి భాగం ఒక నిమిషం ఆడించి అప్పుడు ఇవ్వండి. క్లయింట్ సరేనన్నాక ప్రాక్సీలు తీసేయొచ్చు. అసలు కార్డు ఫోల్డర్లు, ప్రాజెక్ట్ ఫైల్, మాస్టర్ మాత్రం రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండాలి.